దీపానికి తెల్లవారుజాము, ఫ్యానుకు మధ్యాహ్నం: నెల్లూరులో పగడాల తొట్టి వేసవి డైరీ

ఫిబ్రవరి ఆఖరు

ఎండలు ముదిరాక తొట్టి నీరు చల్లబరచడానికి మంచుముక్కల కోసం పరుగెత్తే కంటే ముందే లెక్క చూసుకోవడం మేలని ఈసారి పుస్తకం తెరిచాను. తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. కింది అరలో ఉన్న వడపోత తొట్టిని కలిపి, రాళ్లూ ఇసుకా ఆక్రమించిన చోటు తీసేస్తే సుమారు 180 లీటర్ల ఉప్పునీరు. మాది పై అంతస్తు వాటా. హాలు నెత్తిన శ్లాబు, శ్లాబు నెత్తిన నెల్లూరు ఎండ. ఏసీ పడకగదిలో ఉంది, హాల్లో లేదు. తొట్టి కోసం హాలంతా చల్లబరిచే స్తోమతా లేదు, ఆ ఆలోచనా లేదు.

ఉన్నవన్నీ మెత్తని పగడాలే: జోయాంథస్ గుత్తులు, మష్రూములు, అరచెయ్యంత ఎదిగిన ఒక లెదర్ పగడం. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పెద్దపులి ఉన్న జాబితాలోనే. రహస్యంగా తెప్పించి ఇస్తామనేవాళ్లు తగులుతూనే ఉంటారు. వాళ్ల దగ్గర నేను చేపల మేత కూడా కొనను. చేపలంటారా, రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ.

పైన ప్లైవుడ్డు పెట్టె, అందులో నాలుగు టీ5 (సన్న రకం) ట్యూబులైట్లు, ఒక్కొక్కటి 39 వాట్లు. ఈ పెట్టె మీదే నా అనుమానం.

ముందు థర్మామీటర్ల సంగతి తేల్చాలి. ఒకే నీటిలో ముంచితే మూడూ మూడు మాటలు చెబుతున్నాయి. చితక్కొట్టిన మంచులో కాసిన్ని నీళ్లు కలిపి ఉంచితే ఏదైనా సున్నా చూపాలి. వైరు చివర సెన్సరు ఉన్న డిజిటల్ రకం ఒక్కటే 0.2 దగ్గర నిలిచింది. ఇకమీదట దాని మాటే చెల్లుతుంది. సెన్సరును కింది తొట్టిలో వెలుతురు పడని మూలలో ఉంచాను, ట్యూబుల కింద ఉంటే వెలుగు సెన్సరునే వేడెక్కించి ఎక్కువ చూపిస్తుంది.

ఇవాళ్టి అంకెలు: హాలు 28. నీరు పొద్దున 26.6, దీపాలు ఆరేవేళకు 28.4. చలి పూర్తిగా పోకముందే ఇలా ఉంది. నాకు కావలసింది 25 నుంచి 27. ఎండాకాలంలో 28 వరకూ సర్దుకుంటాను, 29 దాటితే దినదినగండమే. సముద్రంలో కూడా ఆ చోటికి అలవాటైన అత్యంత వేడి నెల సగటు కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడాలు తెల్లబడడం మొదలవుతుంది. మనకు దగ్గరి పగడపు దిబ్బల్లో కొన్ని మన్నార్ సింధుశాఖలో (తమిళనాడు, శ్రీలంకల మధ్య) ఉన్నాయి. 1998లో, 2010లో, 2016లో అవి అలాగే తెల్లబడ్డాయి.

శివరాత్రి తర్వాత

పెట్టె లోపలి గాలి 46 డిగ్రీలు! ట్యూబులతోపాటు చోకులు కూడా అందులోనే కూర్చుని కాగుతున్నాయి. టీ5 ట్యూబు నిండుగా వెలిగేది చుట్టూ గాలి 35 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు. అంతకు మించితే నీటికి వేడీ ఎక్కువే, పగడాలకు వెలుగూ తక్కువే.

వడ్రంగి చేత వెనక పలకకు రెండు గుండ్రటి కన్నాలు కోయించి 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్లు బిగించాను. గాలి లోపలికి కొట్టాలా బయటికి లాగాలా అన్నది ఈ హాబీలో తెగని తగువు. లోపలికి కొడితే ట్యూబుల వేడి నీటి మీదికే దిగుతుంది. అందుకే బయటికి లాగేలా పెట్టాను. ముందు అంచున వేలు పట్టేంత సందు వదిలాను, కొత్త గాలి అక్కడి నుంచి వస్తుంది. చోకులను పీకి గోడకు కొట్టిన చెక్క మీదికి మార్చాను.

తొట్టి మీది అద్దం మూత కూడా తీసేశాను. వెచ్చటి ఆవిరిని కిందికే తిప్పి పంపే ఆ మూత మన ఊళ్లలో ఎందుకో అర్థం కాదు. అయితే గోబీ ఎగిరి దూకే రకం. కిటికీలు చేసేవాళ్ల దగ్గర సన్నటి ఫ్రేము చేయించి, తమ్ముడి రొయ్యల చెరువు దగ్గర మిగిలిన సన్న కన్నుల వల బిగించాను.

పెట్టె 46 నుంచి 37కి దిగింది. నీటి గరిష్ఠం 28.4 నుంచి 27.5కి. వల పెట్టి పెట్టె ఫ్యాన్లు ఆపి చూస్తే దిగిన దానిలో సగం ఆ అద్దం మూత తీసిన పుణ్యమేనని తేలింది.

ఉగాది దాటింది

వాట్ల మీటరు తెచ్చి ఒక్కో ప్లగ్గూ కొలిచాను. ట్యూబులు, చోకులు కలిసి 165 వాట్లు. రోజుకు తొమ్మిది గంటలు, అంటే సుమారు ఒకటిన్నర యూనిట్లు. కింది తొట్టి నీటిని పైకి ఎక్కించే రిటర్న్ పంపు 25, నురుగుతో మలినాలు తీసే స్కిమ్మర్ పంపు 15, నీటిలో అలలు పుట్టించే వేవ్‌మేకర్ 10. మొత్తం 50 వాట్లే, కానీ వాటికి రాత్రీ పగలూ లేదు. రోజుకు 1.2 యూనిట్లు. దీపం వేడిలో కొంత పైకి పోతుంది. నీటిలో మునిగిన పంపు తిన్న కరెంటు మాత్రం దాదాపు అంతా చివరికి ఆ నీటిలోనే వేడిగా మిగులుతుంది. తిట్లన్నీ దీపానికే పడుతున్నాయి, పంపులు చల్లగా తప్పించుకుంటున్నాయి. రిటర్న్ పంపు స్థానంలో వేగం తగ్గించుకునే డీసీ పంపు పెట్టాను. 14 వాట్లతోనే నీరు బాగా తిరుగుతోంది.

ఇక ఈ యూనిట్లను బయటికి పంపే దారి చూడాలి. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిటు వేడిని మిగతా నీటిలోంచి పట్టుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడే కిటుకు ఇదే. లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి తొట్టిలో వేస్తే, అది కరిగి తొట్టి నీటి వేడికి వచ్చేవరకూ లాగేది 0.12 యూనిటే. ఆవిరి పని అయిదు రెట్లకు పైగా ఎక్కువ. పైగా మంచు కట్టడానికి ఫ్రిజ్ వదిలే వేడి మన ఇంట్లోనే ఉంటుంది. మంచు సీసాల పద్ధతి అత్యవసరానికి పనికొస్తుంది, అలవాటుకు పనికిరాదు.

తొట్టి ఒక చివర నీటి మీదుగా ఏటవాలుగా వీచేలా మరో రెండు 12 వోల్టుల ఫ్యాన్లు పెట్టాను. వాటికి కోడిగుడ్లు పొదిగించే పెట్టెల్లో వాడే చవక టెంపరేచర్ కంట్రోలరే తగిలించాను, వేడి చేయడానికి బదులు చల్లబరిచేలా అమర్చి. నీరు 27 తాకితే ఫ్యాన్లు తిరుగుతాయి, 26.5కు దిగితే ఆగుతాయి. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా కట్టాను, జారే బొట్టు ప్లగ్గులోకి పోకుండా కింద పడిపోతుంది. లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చు) ఉంది. ఉప్పునీటి పక్కన అది లేకుండా ఎవరూ ఫ్యాను తిప్పవద్దు.

ఏప్రిల్ మధ్య

ఆవిరికి ఒక మూల్యం ఉంది. పోయేది నీరే, ఉప్పు ఉన్నచోటే ఉంటుంది. 180 లీటర్లలో అయిదు లీటర్లు ఆవిరైతే లవణీయత (కిలో నీటిలో ఉప్పు గ్రాములు) 35 నుంచి 36కి ఎక్కుతుంది. మర్నాడు మరో అయిదు. రెండు రోజులు ఊరెళ్లి వస్తే పగడాలు ముడుచుకుపోతాయి.

ఇందుకూరుపేట వైపు తమ్ముడికి వనామీ రొయ్యల చెరువులున్నాయి. ఉప్పు కొలిచే వాడి పాత రిఫ్రాక్టోమీటర్ నా దగ్గరకు చేరింది. "అక్కా, ఉప్పు పదిహేనున్నా ముప్పై అయిదున్నా మా రొయ్య పెరుగుతుంది. నీ పగడాలకే ఇంత గారాబం" అని ఎగతాళి. నిజమే, వనామీ తట్టుకున్నంత తేడాను పగడం తట్టుకోదు. కానీ వేడినీటిలో ప్రాణవాయువు గురించి వాడు చెప్పిన మాట మాత్రం తర్వాత అక్కరకొచ్చింది. దాని సంగతి రోహిణి కార్తెలో రాస్తాను.

నీటి మట్టం దానంతటదే నిండే ఏర్పాటు చేశాను. కూలర్ల సామాను అమ్మే కొట్టులో దొరికే ప్లాస్టిక్ ఫ్లోటు వాల్వు, పై అలమరలో 20 లీటర్ల క్యాను, మధ్య సన్నటి గొట్టం. క్యానులో ఆర్‌ఓ నీరే పోస్తాను. బోరు నీరు పోస్తే అందులోని ఖనిజాలు కూడా ఉప్పులాగే పేరుకుంటూ పోతాయి. వాల్వును నేరుగా ఆర్‌ఓ యంత్రానికే కలపమని సలహా ఇచ్చినవాళ్లున్నారు, ఒప్పుకోలేదు. ఫ్లోటు ఇరుక్కుంటే క్యానులో ఉన్న 20 లీటర్లే దిగుతాయి, లవణీయత 31.5 దగ్గర ఆగుతుంది. యంత్రానికి కలిపి ఉంటే కింది వాటా వాళ్ల పైకప్పు కూడా తడుస్తుంది.

క్యాను మీద మార్కర్‌తో లీటర్ల గీతలు గీశాను. ఎంత ఆవిరైందో కనిపిస్తుంది, అంటే ఎన్ని యూనిట్ల వేడి బయటికి పోయిందో కనిపిస్తుంది. ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే చవకైన పరికరం ఈ గీతలే.

భరణి కార్తె

ట్యూబులు ఏడాది దాటాయి, రంగు మారుతోంది, ఎలాగూ మార్చాలి. వాటి బదులు ఎల్‌ఈడీ దీపం కట్టుకున్నాను. మూడడుగుల అల్యూమినియం హీట్‌సింక్ (వేడిని లాగి గాలికి వదిలే రెక్కల పలక), 450 నానోమీటర్ల దగ్గరి ముదురు నీలం చిప్పులు ఎక్కువ, చల్లని తెలుపు కొన్ని. పూర్తి శక్తిలో 90 వాట్లు, నాకు అవసరమయ్యేది 60 చిల్లర.

ఎల్‌ఈడీ వేడెక్కదనే మాట దుకాణాల మాట. కరెంటులో సగం అటూ ఇటూగా దానిలోనూ వేడే అవుతుంది. తేడా అంతా ఆ వేడి ఎటు పోతుందన్న దానిలో ఉంది. ట్యూబు వేడి నాలుగు వైపులకూ చిమ్ముతుంది. ఎల్‌ఈడీ వేడి చిప్పు వీపు నుంచి లోహంలోకి ఎక్కి పైకి పోతుంది. ఆ దారి బాగుంటేనే లాభం: చిప్పుకూ లోహానికీ మధ్య థర్మల్ పేస్టు పలచగా, ఖాళీ లేకుండా ఉండాలి, రెక్కల మధ్య గాలి ఆడాలి. ఫ్యాను లేకుండా హీట్‌సింక్ 63 డిగ్రీలు చూపింది, నెమ్మదిగా తిరిగే ఒక్క ఫ్యాను పెట్టాక 48. చిప్పు ఎంత వేడెక్కితే అంత మసకబారుతుంది, ఆయుష్షూ తగ్గుతుంది. వెలుగులో నీటిలోకి దిగినదీ రాయి మీదో పగడం మీదో పడి చివరికి వేడే అవుతుంది. దాన్ని తప్పించలేం, మనకు కావలసిందే ఆ వెలుగు.

పాత పెట్టె తీసేసి దీపాన్ని నీటికి 25 సెంటీమీటర్ల ఎత్తున తీగలతో వేలాడదీశాను. అంటించిన వైర్ల మొనలన్నిటికీ పారదర్శకమైన గోళ్ల రంగు రెండు పూతలు వేశాను. ఉప్పు గాలికి రాగి పచ్చబడకుండా ఇది బాగానే అడ్డుకుంటుంది. చిప్పులకు కరెంటు అందించే డ్రైవరు గోడ మీద, చోకులు ఖాళీ చేసిన చెక్క మీద.

ట్యూబు వెలుగుకు అలవాటైన పగడం మీద ఒక్కసారిగా ఎల్‌ఈడీ గుప్పిస్తే వేడి లేకపోయినా తెల్లబడుతుంది. 30 శాతంతో మొదలుపెట్టి వారానికి కొంచెం చొప్పున పెంచుతున్నాను.

కృత్తిక కార్తె

ఈ డైరీలో అసలు విషయం ఇక్కడుంది.

హాల్లో ఏ గంటకు ఎంత వేడి, ఎంత తేమ ఉన్నాయో రాస్తూ వచ్చాను. హాలు గరిష్ఠంగా వేడెక్కేది మధ్యాహ్నం రెండింటికి కాదు, రాత్రి ఏడెనిమిది గంటలకు. పగలంతా తాగిన ఎండను శ్లాబు అప్పుడు కక్కుతుంది. రాత్రి ఎనిమిదికి 35.5, తెల్లవారుజామున అయిదుకు 31. వేసవిలో దీపాలను సాయంత్రానికి, రాత్రికి మార్చుకోమని అందరూ చెప్పే సలహా చల్లటి నేలమట్టం ఇళ్లకు సరిపోతుందేమో, శ్లాబు కింద బతికేవాళ్లకు కాదు.

రెండోది తేమ. పడమటి గాలి వీచే మధ్యాహ్నం హాల్లో తేమ 40 శాతానికి దిగువన ఉంటోంది. సముద్రపు గాలి తిరిగి, పొద్దు వాలి ఉక్కపోత మొదలయ్యాక అది 60 దాటుతోంది. క్యాను గీతలు ఆ కథే చెబుతున్నాయి: మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఆరు వరకు లీటరున్నర దాకా ఆవిరైతే, ఆరు నుంచి అర్ధరాత్రి వరకు అర లీటరు కూడా కష్టం. ఫ్యాన్లు అవే, వేగం అదే. గాలికే దాహం తీరిపోయింది. మనకు తిట్టుకోదగ్గ వడగాలి తొట్టికి మిత్రుడు, మనకు హాయి అనిపించే మైపాడు బీచి వైపు గాలి దానికి శత్రువు.

మా పాత సమయాలు మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రాత్రి పది. అంటే ఫ్యాన్లు చేతులెత్తేసే వేళకు, శ్లాబు కుంపటయ్యే వేళకు సరిగ్గా దీపం కూడా తోడవుతోంది. ఆ సమయాలతో ఈ వారం మొదట్లో రాత్రి పదికి నీరు 29.7.

టైమరును రోజుకు కొంచెం కొంచెంగా వెనక్కి జరిపాను. ఇప్పుడు తొట్టికి తెల్లవారేది నాలుగున్నరకు, చీకటి పడేది మధ్యాహ్నం పన్నెండుకు. పగడానికి కావలసింది తగినన్ని గంటల వెలుగే, గడియారంలో ఎన్నయిందో దానికి అక్కరలేదు. కిటికీ వెలుతురు ఎక్కువ పడకుండా మధ్యాహ్నం తెర వేస్తున్నాను.

కొత్త అంకెలు: దీపం ఆరే వేళకు 28.6, సాయంత్రం ఆరుకు 27.1, అర్ధరాత్రి 27.9, తెల్లవారుజామున 27.6. గరిష్ఠం ఒక డిగ్రీకి పైగా తగ్గింది, ఖర్చు సున్నా.

ఇంట్లో మాత్రం గొడవైంది. "ఇంత కష్టపడి పెట్టుకుని, మనం ఇంటికొచ్చేసరికి చీకటి తొట్టి చూడాలా?" అని మావారి అభ్యంతరం. న్యాయమే. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా నీలం చిప్పులు మాత్రం ఆరు వాట్లతో వెలిగేలా ఒప్పందం కుదిరింది. లాభపడింది అత్తయ్య. ఆవిడ లేచేదే నాలుగున్నరకు. కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టి ముందు కుర్చీ వేసుకుంటున్నారు. లెదర్ పగడం ఎన్నింటికి విచ్చుకుంటుందో ఇప్పుడు నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

యజమానిని అడిగి డాబా మీద హాలు మేరకు తెల్ల సున్నం కొట్టించాను. రాత్రి హాలు ఒక డిగ్రీ తగ్గినట్టుంది, ఇంకా చూడాలి. రోజూ లీటర్ల కొద్దీ నీరు ఆవిరై హాల్లోనే తిరుగుతుంటే ఫ్యాన్ల బలం మళ్లీ తగ్గుతుంది కాబట్టి ఎదురెదురు కిటికీలు జానెడు తెరిచి ఉంచుతున్నాం.

రోహిణి కార్తె

రోళ్లు పగిలే రోజులు. బయట 43 అన్నారు. హాలు పగలే 36 దాటింది.

వేడి ఒక్కటే ఉంటే పగడం కొంత ఓర్చుకుంటుంది. వేడికి తీవ్రమైన వెలుగు తోడైనప్పుడే దాని ఒంట్లో ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాల (నాచు) కిరణజన్య సంయోగక్రియ గాడి తప్పి, హాని చేసే ఆక్సిజన్ రూపాలు పోగవుతాయి. అప్పుడు పగడం ఆ శైవలాలను వదిలించుకుంటుంది, తెల్లబడుతుంది. కాబట్టి నీరు 29 దాటబోతుంటే వెలుగు తగ్గించడం రెండు విధాల మందు. ఈ కార్తె మొత్తానికి దీపాన్ని 40 శాతానికి దించాను. కొన్నాళ్లు తక్కువ వెలుగులో మెత్తని పగడాలు ఎండిపోవు, కాస్త నీరసిస్తాయి అంతే. ఒక జోయాంథస్ గుత్తి అంచు పాలిపోయింది, మిగతావి మామూలుగానే ఉన్నాయి.

మధ్యాహ్నం కరెంటు పోయింది. తమ్ముడి మాట గుర్తొచ్చింది: "వేడి నీళ్లల్లో డీవో (కరిగిన ప్రాణవాయువు) నిలవదక్కా, ముందు గాలి చూసుకో, తర్వాతే చల్లదనం." 35 లవణీయత ఉన్న నీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచితే, 31 దగ్గర 6.1 మాత్రమే. పైగా వేడికి చేపలు ఇంకా ఎక్కువ అడుగుతాయి. పంపులు ఆగితే ముందు చచ్చేది ఊపిరాడకే. నా ఫ్యాన్లు, వేవ్‌మేకర్, రిటర్న్ పంపు అన్నీ డీసీవే కాబట్టి ఇన్వర్టరు అవసరం లేకుండా నేరుగా 12 వోల్టుల బ్యాటరీ మీదికి మారాయి. దీపం పన్నెండుకే ఆరిపోతుంది కాబట్టి దాని బాధ లేదు. నిజానికి ఆ మధ్యాహ్నం నీరు అర డిగ్రీ తగ్గింది.

నీటిని చల్లబరిచే యంత్రం, చిల్లర్, ఎందుకు కొనలేదని ఒంగోలు మిత్రుడు ఫోనులో అడిగాడు. ఆయన దగ్గర ఉంది, తొట్టి కింది బీరువాలో తలుపులు మూసి. నీటిలోంచి లాగిన వేడితోపాటు దాని సొంత కరెంటు వేడిని కూడా అదే గదిలో పోస్తుంది కదా, బాల్కనీలోకి మార్చి గొట్టాలు లాగండి అని చెప్పాను. రాతి పగడాల స్థాయి స్థిరత్వం కావాలంటే చిల్లర్ తప్పదేమో. మెత్తని పగడాలకు, రెండు క్లౌన్లకు, ఈ ఫ్యాన్లు చాలు.

మృగశిర దాటాక

నాలుగు చినుకులు పడ్డాయి. హాలు 32. తేమ మాత్రం పగలు కూడా 65. అనుకున్నట్టే ఫ్యాన్లు బద్ధకించాయి, క్యానులోంచి రోజుకు మూడు లీటర్లు కూడా దిగడం లేదు. అయినా గది చల్లబడింది కాబట్టి నీరు 28 దాటడం లేదు. దీపాన్ని 40 నుంచి 50కి తెచ్చాను, 60కి వెళ్లే తొందర లేదు. పాలిపోయిన జోయాంథస్ అంచున మళ్లీ ఆకుపచ్చ తిరిగింది.

నీటి మీది ఫ్యాన్లలో ఒకటి గరగరలాడుతోంది, బేరింగులోకి ఉప్పు చేరింది. ఇవి ఏడాదికి మించి బతకవనే లెక్కలోనే రెండు అదనంగా కొని ఉంచాను. పాత ట్యూబుల పెట్టెను ఎవరికైనా అమ్మేయాలి. మొక్కల తొట్టి పెట్టుకునేవాళ్లకు పనికొస్తుంది, మూత లేకుండా వాడుకోమని చెప్పే అమ్ముతాను. కంట్రోలర్‌లో ఒక రిలే (దానంతటదే పడే స్విచ్చు) ఖాళీగా ఉంది. నీరు 28.8 తాకగానే దీపం దానంతటదే 40 శాతానికి దిగేలా ఆ రిలేను డ్రైవరుకు కలపాలి. డ్రైవరులో వెలుగు తగ్గించే (డిమ్మింగ్) తీగ 10 వోల్టుల రకం, మధ్యలో ఒక రెసిస్టరు వేస్తే చాలు. వచ్చే వారం ఆ పని.